పన్నెండు వోల్టుల పడవకు ఎట్టి తీగె కావలెను?

విద్యుత్తు అనగానే మనకు భయము కలిగించేది గోడలోని ప్లగ్గు. అందులో 230 వోల్టులు ఉన్నవని చిన్నపిల్లలను దాని దరికి పోనీయము. అదే కారు బ్యాటరీ, ట్రాక్టరు బ్యాటరీ, ఇంటిలోని ఇన్వర్టరు బ్యాటరీ అనగా మనకు చులకన. పొడి చేతులతో దాని రెండు కొనలను తాకినను షాకు తగలదు గనుక అందులో ప్రమాదమేమియు లేదని లోకము నమ్ముచున్నది. ఈ నమ్మకము సగము నిజము. షాకు కొట్టని విద్యుత్తు నిప్పు పెట్టగలదన్నది మిగిలిన సగము. దానిని గురించియే ఈ వ్యాసము.

తెలుగు పాఠము చెప్పేవారికి తీగెల గొడవ ఎందుకని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. కారణము ఒక ఉత్తరము. మా పూర్వ విద్యార్థి ఒకరు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో ఉద్యోగము చేయుచున్నారు. సెలవు దినములలో చేపలు పట్టుట అక్కడ వారికి అలవాటైనది. పదహారు అడుగుల పాత అల్యూమినియం పడవ నొకదానిని కొని, దాని ముందు కొమ్మున బిగించే ఎలక్ట్రిక్ మోటారును విడిగా సంపాదించి, మాకు ఇట్లు వ్రాశారు: "సార్, బ్యాటరీ వెనుక ఉన్నది, మోటారు ముందున్నది. మధ్యలో తీగె వేయాలి. పన్నెండు వోల్టులే కదా, మన ఇళ్ళలో వాడే 2.5 వైరు చాలదా? మన ఫిజిక్సు సారును అడిగి చెప్పండి." పడవలో తనతోపాటు ఇద్దరు పిల్లలు కూడ ఎక్కుదురని చివరి వాక్యములో ఉన్నది. ఆ వాక్యము లేకున్నచో మా జవాబు ఒక కార్డుతో సరిపోయేది. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులతో రెండు మూడు సాయంకాలములు కూర్చొని లెక్కలు వేసి వ్రాసిన ఆ జవాబునే ఇక్కడ విస్తరించి ఇచ్చుచున్నాము.

ముందుగా ఆ మోటారు ఎట్టిదో చెప్పవలెను. మన కొల్లేటిలో దోనెను గెడకర్రతో నెట్టి నడుపుదురు. చప్పుడు లేదు, చేప బెదరదు. మిన్నెసోటా సరస్సుల నాడు. అక్కడి వాహనముల నంబరు పలకల మీద 'పదివేల సరస్సులు' అని వ్రాసుకొందురు. అక్కడ గాలము వేసేవారు పెట్రోలు ఇంజనుతో చేపలున్న తావునకు పోయి, దానిని ఆపివేసి, అటుపై ఈ చిన్న మోటారుతో మెల్లమెల్లగా కదలుచు గాలమును నీటిలో లాగుచుందురు. అట్లు లాగుటను ట్రోలింగ్ అందురు. అందుచేత దీనికి ట్రోలింగ్ మోటారు అని పేరు. మన గెడకర్ర చేసే పనినే అది బ్యాటరీతో చేయును.

బ్యాటరీతో పడవ నడపవలెనన్న ఆలోచన కొత్తది కాదు. 1838లో యాకోబీ అను శాస్త్రజ్ఞుడు రష్యాలోని నెవా నదిపై అట్టి పడవను నడిపి చూపెను. 1881లో ట్రూవే అను ఫ్రెంచివాడు పారిస్ నగరములో సేన్ నదిపై నడిపిన పడవకు మోటారు, చుక్కాని, పంకా మూడును ఒకటిగా కలిసి ఉండి, అవసరమైనప్పుడు ఊడదీయుటకు వీలైనవి. 1934లో నార్త్ డకోటా రాష్ట్రపు ఫార్గో పట్టణములో ఓ. జి. ష్మిట్ అను ఆయన కారు స్టార్టరు మోటారును తీసికొని దానికి పంకా తగిలించి చేపల పడవకు బిగించెను. మిన్నెసోటా, డకోటా అను రెండు పేర్లను కత్తిరించి అతికిన 'మిన్ కోటా' అను పేరుతో ఆ మోటార్లు నేటికిని అమ్ముడుపోవుచున్నవి. కారు స్టార్టరు నుండి పుట్టిన వస్తువు గనుక దాని స్వభావమును స్టార్టరు స్వభావమే: వోల్టులు తక్కువ, ఆకలి ఎక్కువ.

ఆ ఆకలి ఎంత? ఈ మోటార్ల బలమును పౌండ్ల త్రోపుతో కొలుతురు. 55 పౌండ్ల త్రోపు గల 12 వోల్టుల మోటారు నిండు వేగములో సుమారు 50 ఆంపియర్ల కరెంటు తీసికొనును. పన్నెండును ఏబదితో హెచ్చించిన 600 వాట్లు. మన ఇంటి ఇస్త్రీపెట్టె 1000 వాట్లది అనుకొందము. అది మోటారు కంటె బలమైనదే. అయినను 230 వోల్టుల మీద నడచుట చేత నాలుగున్నర ఆంపియర్లకు లోపుగానే తీసికొనును. ఇస్త్రీపెట్టె కంటె తక్కువ పని చేసే పడవ మోటారు దానికి పదింతలు మించిన కరెంటును తీగెగుండ లాగుచున్నది. మా విద్యార్థి పొరబడినది సరిగా ఇక్కడనే. తీగెకు వోల్టులతో నిమిత్తము లేదు, వాట్లతో నిమిత్తము లేదు. దానిని వేడెక్కించునది ఆంపియర్లు. ఆ వేడియైనను కరెంటుతో సమానముగా పెరగదు. కరెంటు వర్గముతో పెరుగును. కరెంటు రెండింతలైన వేడి నాలుగింతలు, పదింతలైన నూరింతలు. జౌల్ 1840 ప్రాంతమున కనిపెట్టిన ఈ సూత్రమును మన బి.ఎస్‌సి. విద్యార్థులు నిద్రలో లేపి అడిగినను అప్పజెప్పుదురు. చేతిలో తీగెముక్క పెట్టి ఇది ఎన్ని ఆంపియర్లు మోయునని అడిగినచో మాత్రము మౌనము వహింతురు. వారి తప్పు కాదు. ప్రశ్నపత్రములో అట్లు అడుగువారు లేరు.

ఇక లెక్క. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల రాగితీగె నిరోధము 20 డిగ్రీల వేడిమి వద్ద 0.0172 ఓములు. పొడవు పెరిగిన నిరోధము పెరుగును. లావు పెరిగిన తగ్గును. పడవలో బ్యాటరీ నుండి మోటారుకు దారి 5 మీటర్లు. ఇక్కడ చాలమంది ఒక విషయము మరచిపోవుదురు. కరెంటు పోవుటకు ఒక తీగె, తిరిగి వచ్చుటకు ఇంకొక తీగె; కాబట్టి లెక్కలోనికి తీసికొనవలసినది 5 కాదు, 10 మీటర్లు.

మా విద్యార్థి అడిగిన 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరునే మొదట చూతము. 10 మీటర్ల దాని నిరోధము 0.069 ఓములు. చూచుటకు ఎంతో అల్పము. దానిగుండ 50 ఆంపియర్లు ప్రవహించినచో 3.4 వోల్టులు దారిలోనే హరించిపోవును. పన్నెండింట మోటారుకు చేరునది ఎనిమిదిన్నర మాత్రమే. నిజమునకు వోల్టులు తగ్గుటతో మోటారు తీసికొనే కరెంటును కొంత మారును; అయినను అంచనాకు ఈ లెక్క చాలును. హరించిన ఆ 3.4 వోల్టులు ఎక్కడికి పోయినవి? తీగెలోనే వేడిగా మారినవి. సుమారు 170 వాట్ల వేడి! ఆ తీగె పడవ అంచు క్రింద, చాపల క్రింద, గాలి ఆడని గొట్టములో కట్టగట్టి ఉండును. ఇంటి వైరు పైనున్న పి.వి.సి. తొడుగు సాధారణముగా 70 డిగ్రీల వరకు ఓర్చుటకు చేసినది. అది మెత్తబడి జారినచో రెండు తీగెలును ఒకదానినొకటి తాకును. తరువాత జరుగునది చెప్పనక్కరలేదు. ఇంటిలో నిప్పు అంటుకొన్నచో వీధిలోనికి పరుగెత్తవచ్చును. సరస్సు నడుమ పడవలో ఇద్దరు పిల్లలతో ఉన్నవాడు ఎక్కడికి పరుగెత్తును?

అదే దారికి 6 చదరపు మిల్లీమీటర్ల తీగె వేసినచో 1.4 వోల్టులు, అనగా నూటికి 12 పాళ్ళు పోవును. 10 వేసినచో నూటికి 7 పాళ్ళు. 16 వేసినచో అర వోల్టు కొంచెము మించి, నూటికి నాలుగున్నర. 25 వేసినచో నూటికి 3 లోపు. అమెరికాలో పడవల నిర్మాణమునకు ప్రమాణములు ఏర్పరచే సంస్థ ఒకటి 1954 నుండి ఉన్నది. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ అని దాని పేరు. రాత్రి దీపములు, పడవలోని నీటిని తోడే పంపు మున్నగు ప్రాణావసరమైన వాటికి నూటికి 3, మిగిలిన వాటికి నూటికి 10 పాళ్ళకు మించి వోల్టులు దారిలో పోరాదని ఆ సంస్థ నియమము. ఆ నియమము ప్రకారము మన మోటారుకు 10 చదరపు మిల్లీమీటర్ల తీగె సరిపోవును. మేము మాత్రము అంతకంటె లావైన తీగెనే వేయుమని వ్రాసితిమి. నియమములు కొత్త తీగెకు, నిండు బ్యాటరీకి వ్రాసినవి. సాయంకాలము గాలి లేచి, బ్యాటరీ సగమునకు పైగా ఖర్చయి, ఒడ్డు దూరముగా ఉన్న వేళ మోటారును నిండు వేగమున నడపవలసి వచ్చును. ఆ వేళకు మిగిలియుండే కొద్దిపాటి వోల్టు ఖరీదు, తీగె కొనునాడు మిగుల్చుకొన్న డబ్బుకంటె చాల ఎక్కువ.

లావు నిర్ణయమైనది గదా, దుకాణమునకు పోయి కొందము అనుకొన్నచో అక్కడ ఇంకొక గోతి ఉన్నది. మనము తీగెను చదరపు మిల్లీమీటర్లతో కొలుతుము. అమెరికావారు గేజి సంఖ్యతో కొలుతురు. అందులో సంఖ్య తగ్గినకొద్ది తీగె లావు. వారి 10 గేజి తీగె అడ్డుకోత ఐదు చదరపు మిల్లీమీటర్లకు కొంచెము పైన. 6 గేజి 13.3, 4 గేజి 21. మన దేశములో ఎవరైనను అమెరికా పుస్తకములో '6' అని చదివి, ఇక్కడి దుకాణములో 6 చదరపు మిల్లీమీటర్ల తీగె కొన్నచో సగముకంటె తక్కువ రాగి చేతికి వచ్చును. తేడా కంటికి ఆనదు. తొడుగు మందముగా ఉన్నచో ఇంకను ఆనదు. మా విద్యార్థి ఉండునది అక్కడనే గనుక "6 గేజికి తగ్గవద్దు, 4 దొరికినచో మేలు" అని వ్రాసితిమి. కార్లకు అమ్మే తీగె మీద అదే సంఖ్య ఉన్నను అందులో రాగి కొంత తక్కువగా ఉండును గనుక పడవల తీగెనే అడుగుమని కూడ చేర్చితిమి.

పడవల తీగె ప్రత్యేకత రెండు సంగతులలో ఉన్నది. మొదటిది, అది ఒకే కడ్డీ వలె ఉండక సన్నని పోగులు అనేకము పేనినదై ఉండును. పడవ ఎల్లప్పుడు అదరుచుండును; ఒంటి కడ్డీ తీగె వంగి వంగి ఒకనాడు తొడుగు లోపలనే విరుగును. రెండవది, ప్రతి పోగుకును తగరపు పూత ఉండును. ఆ పూత లేనిచో తడి గాలికి రాగి పచ్చబడి, నల్లబడి, తొడుగు లోపల అడుగుల దూరము వరకు చిలుము ప్రాకును. ఈ సందర్భమున ఒక చిన్న పరీక్ష. తగరపు పూత వేసిన రాగి పైకి తెల్లగా, గీకినచో లోపల ఎర్రగా ఉండును. చవుకగా అమ్మే రాగిపూత అల్యూమినియం తీగె పైకి ఎర్రగా, గీకినచో లోపల తెల్లగా ఉండును. ఈ రెండవది రాగికంటె కరెంటును తక్కువగా మోయును, జోడింపుల వద్ద వదులగును. దానిని పడవ దరికి రానీయరాదు.

ఇప్పుడు ఫ్యూజు మాట. ఫ్యూజు మోటారును కాపాడుటకు అని చాలమంది తలంపు. కాదు. అది తీగెను కాపాడుటకు. మోటారు పంకాకు నాచు చుట్టుకొని అది తిరుగక బిగిసినచో కరెంటు ఒక్కసారిగా పెరుగును. తీగె ఎక్కడనో రాపిడికి తొడుగు పోయి రెండవ తీగెను తాకినచో ఇంకను ఎక్కువ పెరుగును. మంచి బ్యాటరీ లోపలి నిరోధము ఓములో వెయ్యవ వంతులలో ఉండును. అందుచేత అడ్డులేని దారి దొరికినచో అది క్షణకాలము వెయ్యి ఆంపియర్లకు పైగా పంపగలదు. షాకు కొట్టని ఆ పెట్టెయే రెండు కొనల మీద పడిన స్పానరును ఎర్రగా కాల్చగలదు. చేతికి ఉంగరము గాని, లోహపు గడియారము గాని పెట్టుకొని బ్యాటరీ వద్ద పని చేయరాదనుటకు కారణమిదే. కనుక ఫ్యూజు గాని, దానంతట తెగిపడే బ్రేకరు గాని మోటారు నిండు కరెంటుకంటె కొంచెము ఎక్కువగాను, తీగె భరించగల కరెంటుకంటె తక్కువగాను ఉండవలెను. 50 ఆంపియర్ల మోటారుకు 60 ఆంపియర్లది తగినది. తీగె సన్నమైనదై, బ్రేకరు మాత్రము 60 అయినచో బ్రేకరు కదలదు. తీగెయే ఫ్యూజు పని చేయును, అనగా కాలిపోవును.

దానిని ఎక్కడ పెట్టవలెనన్నది పరిమాణమంత ముఖ్యము. చెరువు తూము చెరువు కట్టలోనే ఉండవలెను గాని పొలము గట్టున ఉండి ప్రయోజనమేమి? తూము వరకు వచ్చిన కాలువ తెగినచో మూయునది ఏది? అట్లే ఫ్యూజు బ్యాటరీ చెంతనే ఉండవలెను. పైన చెప్పిన సంస్థ నియమము ప్రకారము 7 అంగుళముల లోపున. తీగె నేరుగా బ్యాటరీ కొన నుండి బయలుదేరి, దాని పొడవునను అదనపు తొడుగు వేసియున్నచో 72 అంగుళముల వరకు పోవచ్చును. అందుబాటుగా ఉండునని మోటారు ప్రక్కన బిగించుట కద్దు. అప్పుడు పడవ పొడవున పరచిన తీగెకు కాపలా లేనట్లే.

మన దేశములో ఈ పని చేయువారికి ఇంకొక హెచ్చరిక. ఇంటి మెయిను బోర్డులోని మామూలు ఎం.సి.బి.ని బ్యాటరీ తీగెకు తగిలింపరాదు. ఇంటి కరెంటు క్షణమునకు నూరుసార్లు సున్నకు వచ్చును. స్విచ్చి విడిపోయినప్పుడు పుట్టే నిప్పురవ్వ ఆ సున్న వద్ద ఆరిపోవును. బ్యాటరీ కరెంటుకు అట్టి విరామము లేదు. విడిపోయిన మొనల మధ్య నిప్పు నిలిచి మండవచ్చును. డి.సి.కి పనికివచ్చునని, ఎన్ని వోల్టుల వరకో, దాని మీదనే అచ్చువేసి ఉన్నదానినే వాడవలెను.

మంచి తీగె, తగిన ఫ్యూజు ఉన్నను పడవలు చెడునది జోడింపుల వద్ద. ఒక వదులైన జోడింపు నిరోధము 0.02 ఓములే అనుకొందము. 50 ఆంపియర్ల వద్ద అక్కడ ఒక వోల్టు పోవును, 50 వాట్ల వేడి పుట్టును. రేడియో బాగుచేయువారి సోల్డరింగ్ ఐరను సాధారణముగా 25 వాట్లది. అట్టివి రెండు ఆ గోరంత చోట పెట్టినట్లు! మెలిపెట్టి టేపు చుట్టే అలవాటు పడవకు పనికిరాదు. తీగె కొనకు సరియైన కొలత గల రాగి లగ్గు తొడిగి, దానికొరకే చేసిన పనిముట్టుతో నొక్కి, పైన వేడికి ముడుచుకొనే గొట్టము తొడుగవలెను. సీసము పోసి వదలిన చాలదా అని కొందరు అడుగుదురు. చాలదు. అతిగా వేడెక్కినచో అది కరిగిపోవును. సీసము ప్రాకినంత మేర తీగె బిరుసెక్కి, ఆ అంచున విరుగును.

అల్యూమినియం పడవకు ప్రత్యేకమైన సంగతి ఒకటి కలదు. కారులో ఒక తీగెయే వేసి, తిరుగుదారికి కారు శరీరమునే వాడుకొందురు. ఆ పద్ధతి చూచినవారు పడవకును అట్లే చేయబోవుదురు. నీటిలో ఉన్న లోహముగుండ కరెంటు పంపినచో నీరు ఆ లోహమును తినివేయును. కనుక పోవుటకు, వచ్చుటకు రెండు తీగెలు వేరువేరుగా, పడవ శరీరమును ఎచ్చటను తాకక పోవలెను. రేకుకు రంధ్రము చేసిన ప్రతి చోట రబ్బరు కట్టు ఉండవలెను. రేకు అంచు కత్తియే. బ్యాటరీని పెట్టెలో ఉంచి పట్టీతో బిగించవలెను. దాని ఎర్రకొనకు టోపీ తొడుగవలెను. చార్జి అగునప్పుడు సీసపు బ్యాటరీ నుండి హైడ్రోజను వెలువడును. గాలిలో నూటికి 4 పాళ్ళు చేరిన చాలును, ఒక రవ్వకు ప్రేలును. మూత తీసి, గాలి ఆడేచోట చార్జి చేయవలెను.

తీగె ఖరీదుకు వెరచువారికి ఒక మార్గము ఉన్నది. రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టుల మోటారును వాడుట. అదే బలమునకు కరెంటు సగమగును. దారిలో పోయే వోల్టులును సగమగును. మొత్తము రెండింతలైనది గనుక నూటికి లెక్కించిన నష్టము నాలుగవ వంతునకు దిగును. 12 వోల్టుల వద్ద నూటికి 12 పాళ్ళు మ్రింగిన 6 చదరపు మిల్లీమీటర్ల తీగెయే ఇక్కడ 3 పాళ్ళతో తృప్తిపడును. పెద్ద మోటార్లు 24, 36 వోల్టులవి అగుటకు రహస్యమిదే. మన ఊరికి కరెంటు వేల వోల్టుల లైన్ల మీద వచ్చుటకును ఇదే కారణము.

అమెరికా పడవ ముచ్చట మనకెందుకు అనరాదు. 2017 జనవరిలో కేరళలోని వైక్కం వద్ద 'ఆదిత్య' అను సౌరశక్తి పడవ ప్రయాణికులతో నడువసాగినది. బ్యాటరీ పడవ మన నీళ్ళలోనికి వచ్చియే ఉన్నది. అంత దూరమేల? మన ఇళ్ళ మూలలో ఉన్న ఇన్వర్టరు అంతయు ఈ పడవయే, నీరు ఒక్కటి తక్కువ. 600 వాట్లు ఇచ్చునప్పుడు అదియును 12 వోల్టుల బ్యాటరీ నుండి 50 ఆంపియర్లకు పైగానే లాగును. దానిని వేరొక గదిలోనికి మార్చునప్పుడు చాలని తీగెకు ఇంటి వైరు ముక్క అతికించే పని మన వీధులలో జరుగుచునే ఉన్నది. కళాశాల కార్యవర్గము వారికి ఒక విన్నపము: మన కార్యాలయపు ఇన్వర్టరు తీగెలను, ఫ్యూజును భౌతికశాస్త్ర విద్యార్థుల చేతనే ఒకసారి కొలిపించినచో పని జరుగును, పాఠమును జరుగును.

పని అంతయు ముగిసిన తరువాత చేయవలసిన పరీక్షతో ఆ ఉత్తరమును ముగించితిమి. పడవను నీటిలోనే ఉంచి ఒడ్డుకు గట్టిగా కట్టవలెను. నీటి వెలుపల పంకా ఊరక తిరుగును, కరెంటు తక్కువ తీసికొనును. ఆ పరీక్ష పరీక్ష కాదు. నిండు వేగమున పది నిమిషములు నడిపి, ఒకరు బ్యాటరీ కొనల వద్ద, ఇంకొకరు మోటారు కొనల వద్ద మీటరు పెట్టి ఒకే సమయమున చదువవలెను. 6 గేజి తీగెకు ఆ రెండింటి భేదము 0.65 వోల్టుల ప్రాంతమున ఉండవలెను. ఒక వోల్టు దాటినచో మోటారు ఆపి, ఎర్రకొన తీసివేసి, చేతి వెనుక భాగముతో ఒక్కొక్క జోడింపునే మెల్లగా తాకి చూడవలెను. వెచ్చగా తగిలినది ఏదో దానిని విప్పి మరల కట్టవలెను.